చిన్నాకి, నడుం నొప్పి గురించి

ఒరేయ్ చిన్నా,

ఫోన్‌లో చెప్తే ఊ ఊ అని పెట్టేస్తావ్, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. మూడు నెలలు దాటిన నడుం నొప్పిని క్రానిక్ అంటారు, నీది దాటేసింది. నువ్వేమో జిమ్‌లో చేరి రోజూ సిటప్స్ కొడుతున్నా అంటున్నావ్. ముందు అవి ఆపెయ్. అన్నిసార్లు నడుం వంచి లేస్తే డిస్కుల మీద, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల మీద, లోడ్ పడుద్ది. మనకి కావాల్సింది సిక్స్ ప్యాక్ కాదురా, నడుం చుట్టూ ఉన్న కండరాలు దాన్ని అటూ ఇటూ పోనీకుండా కాసేపు పట్టి ఉంచాలి, అంతే.

ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినోళ్లలో నడుం పట్టనోడు ఎవడున్నాడు చెప్పు, నాకు మా ఫిజియో అమ్మాయి నేర్పినవి మూడే. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ పెట్టినవంట. ఒకటి, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, నడుం కింద గుంటలో అరచేతులు పెట్టుకుని తల, భుజాలు కాస్తంత లేపడం, గడ్డం ఛాతీకి ఆనించకు. రెండోది పక్కకి తిరిగి మోచేతి మీద లేవడం, మొదట్లో మోకాళ్లు ఆనించే చెయ్యి. మూడోది బర్డ్ డాగ్, చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపాలి, తర్వాత అటుది ఇటు. ఇది తేలిగ్గా కనపడుద్ది గానీ నడుం మీద సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టుకుని చేసి చూడు, కాలు ఎక్కువ ఎత్తావంటే నడుం తిరిగి గ్లాసు దొర్లి చాపంతా తడుస్తది, మీ అమ్మకి అదో సినిమా.

ఏదైనా పది సెకండ్లకి మించి పట్టొద్దు. పైకి వినపడేలా అంకెలు లెక్కపెట్టు, అప్పుడు ఊపిరి బిగబట్టవు. ముందు ఆరు సార్లు, తర్వాత నాలుగు సార్లు, తర్వాత రెండు సార్లు, ఇలా తగ్గించుకుంటూ చెయ్. పొద్దున లేవగానే మాత్రం వంగుడు పనులు వద్దు, రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఒక గంట ఆగు.

నడుంకి బెల్టు కొన్నావంటగా? 2023 డిసెంబర్లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన గైడ్‌లైన్‌లో ఇలాంటి నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) రొటీన్‌గా వద్దు, ఎక్సర్‌సైజ్ చెయ్యండి అనే ఉంది. అలాగని కోర్, అంటే ఈ నడుం చుట్టూ కండరాల ఎక్సర్‌సైజ్, ఒక్కటే సర్వరోగ నివారిణి అనుకోకు, నడకైనా ఈతైనా మానకుండా చేసేదే పనిచేస్తది, నన్నడిగితే నీ బద్ధకానికి నడకే బెస్టు. మంచం మీద పడి ఉండటం మాత్రం అస్సలొద్దు.

చేస్తుంటే నొప్పి కాల్లోకి దిగితే ఆపి డాక్టర్‌కి చూపించు. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటికి రెంటికి కంట్రోల్ పోయినా మాత్రం తెల్లారే దాకా ఆగకు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లు.

సంక్రాంతికి బైక్ మీద వస్తా అన్నావంట మీ అమ్మతో. వద్దు, ట్రైన్‌కి బుక్ చేసుకో, మధ్యమధ్యలో లేచి బోగీలో అటూ ఇటూ తిరుగుతూ రా.

నాన్న