చింత పంగా, నీ మిషనూ

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్లో పంపిన కర్రలు చీల్చే మిషను చూశాను. దాని ధర చూసి మీ అమ్మ "ఇంతెట్టి కొంటే కర్రలు బంగారం పూసి రావాలి" అంది. ఆర్డరు పెట్టేస్తున్నానన్నావు. పెట్టకు తల్లీ. ఎందుకు వద్దంటున్నానో ఫోన్లో చెప్పబోతే మధ్యలో అమ్మ లాక్కుంటుంది, అందుకని రాస్తున్నాను.

ముందు కాలి సంగతి. అమ్మ నీకు చెప్పినంత పెద్ద దెబ్బా కాదు, నేను చెప్పినంత చిన్నదీ కాదు. మోకాలి కింద మూడు కుట్లు. గొడ్డలి తగల్లేదు. ఎండిన జామాయిలు దుంగలోంచి చెక్క ఎగిరొచ్చి కొట్టింది. లుంగీ ఎగ్గట్టి, కాళ్ళకి హవాయి చెప్పులేసుకుని గొడ్డలి పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఫిట్టరుగా చేసి, బూట్లు లేని కుర్రాణ్ణి మిషను దరిదాపులకి రానివ్వని మనిషిని. మొత్తం తప్పు నాదే. ఇది మీ అమ్మ దగ్గర ఒప్పుకోలేదు, నీ దగ్గర ఒప్పుకుంటున్నాను.

గీజరుండగా ఈ కర్రల గోలేంటని నీ ప్రశ్న. మార్గశిరం కదమ్మా. గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర క్యూలో ముందుండాలని మీ అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేస్తుంది. ఆ రోజు రాగి డేగిసాలో కాగిన నీళ్ళే కావాలి. గీజరు నీళ్ళు ఒంటికి పట్టవట! నాకూ పెరట్లో ఆ పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ టీ తాగడం ఇష్టం. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. ఇంట్లో మాత్రం అంటించం, పొగ అంతా పెరట్లోనే.

ఈసారి కర్ర ఎక్కడిదంటే, మన వెనక వీధిలో ఖాళీ స్థలం ఉండేదే, నువ్వు చింతకాయలు ఏరుకునేదానివి, అక్కడ అపార్టుమెంటు లేపుతున్నారు. చింత చెట్టూ, నాలుగు జామాయిళ్ళూ, ఓ తురాయీ కొట్టేశారు. వాల్టా చట్టం కింద చెట్టుకి అనుమతి తెచ్చుకున్నాకే గొడ్డలి వేశామని మేస్త్రీ కాగితం తీసి చూపించాడు. నేనడక్కుండానే చూపించాడంటే ఎంతమంది నిలదీశారో. మొదలు కర్ర సామిల్లుకి వెళ్ళిపోయింది. పంగలూ, కొమ్మలూ, వంకర దుంగలూ ఎత్తించడానికి కూలి దండగని గోడవారన పడేశారు. ఓనరుకి ఫోన్ చేసి అడిగాను, పట్టుకుపోండి అన్నాడు. అడగడం ఎందుకంటే, ఇస్త్రీ బండి అబ్బాయి అప్పటికే రెండు కొమ్మల మీద కన్నేసి ఉన్నాడు. వాటిని వాడికే వదిలేశాను. పొద్దున్నే చితుకులు ఏరుకుని మోపు కట్టుకునే ముసలమ్మ ఉంది కదా, సన్న పుల్లలన్నీ ఆవిడకి. బొటనవేలికంటే సన్నంగా ఉన్నదాన్ని నేను ముట్టలేదు.

ఊరికే వస్తే మావాడింకొకడున్నాడని వెనకటికెవడో అన్నాట్ట. హుద్‌హుద్ తుఫానప్పుడు నాదీ అదే వరస. నీకు గుర్తుందా, 2014 అక్టోబరు 12, ఆదివారం? మర్నాడు తలుపు తీస్తే వీధి కనపడలేదు, అంతా చెట్లే. కరెంటు లేదు, పాలు లేవు, కర్ర మాత్రం కావలసినంత. తురాయి, బాదం, నిద్రగన్నేరు, దొరికిందల్లా లాక్కొచ్చి పెరట్లో గుట్ట పోశాను. పైన టార్పాలిను కప్పి నాలుగువైపులా తాడు కట్టేశాను, పెద్ద తెలివైన పని చేసినట్టు. సంక్రాంతికి విప్పి చూస్తే అడుగు సగం చెద, పై సగం బూజు. భోగిమంటలో వేస్తే మండకుండా నీళ్ళు కక్కింది. వీధి వీధంతా దగ్గింది.

తర్వాత అర్థమైంది. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు బెరడు లోంచి పెద్దగా పోవు, కోసిన చివర్ల నుంచీ చీల్చిన ముఖం నుంచీ పోతాయి. దుంగని దుంగలాగే ఉంచితే మన సముద్రపు గాలికి ఏడాదైనా లోపల చెమ్మ ఆరదు. అదే నాలుగు చీలికలు చేసి, ఇటుకల మీద నేలకి ఎత్తుగా పేర్చి, పైన మాత్రం రేకు కప్పి, పక్కలు గాలికి వదిలేస్తే ఓ వేసవి చాలు. అందుకే తెచ్చిన వారంలోనే చీలుస్తాను. కిందటి నెల ఆ నాలుగు జామాయిళ్ళలో మూడు పచ్చిమీదే కొట్టాను, గొడ్డలి దించితే చాలు, విడిపోయాయి. నాలుగోది బద్ధకించి మూడు వారాలు ఎండలో వదిలేశాను. జామాయిలు పోగు, అంటే కర్రలో నార, మెలి తిరిగి ఉంటుంది. ఎండితే ఆ మెలి బిగుసుకుని గొడ్డలిని పట్టేస్తుంది, లేదా పక్కకి విసిరేస్తుంది. నా కాలి మీదికి వచ్చింది ఆ నాలుగోదే.

తెచ్చుకోవడానికి ముందే వద్దనుకోవలసినవీ ఉన్నాయి. హైవే డివైడర్ మీద కత్తిరించి పడేసే గన్నేరు కొమ్మలు తేకూడదు, దాని పొగ కూడా విషమే. ఫిషింగ్ హార్బరు వైపు పాత బోటు చెక్క ఎవరో ఇస్తానన్నారు. రంగులూ, ఉప్పూ పీల్చిన చెక్క అది, వద్దన్నాను. ఆటోనగర్లో ప్యాకింగు చెక్కలు ఊరికే పడి ఉంటాయి. పోర్టు ఊరు కదా, ఓడల్లో వచ్చినవి చాలా ఉంటాయి. వాటి మీద కాల్చిన ముద్ర చూడాలి. హెచ్.టి. అని ఉంటే వేడి పెట్టి పురుగు చంపినది, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోదాని జోలికి పోను. ఇక కంబాలకొండ అభయారణ్యం, అక్కడ రాలిన పుల్ల తెచ్చినా నేరమే. పక్కింటాయనకి ఇది ఎన్నిసార్లు చెప్పినా "ఎండు పుల్లకి కేసేటండీ" అంటాడు.

ఇప్పుడు నీ మిషను. నువ్వు పంపినది కరెంటుది, ఐదు టన్నుల ఒత్తిడి అని రాశారు. లోపల ఉన్నది హైడ్రాలిక్ జాకీయే, పడుకోబెట్టిన జాకీ. దుంగని మెల్లగా తోసుకెళ్ళి ఇనప మొన మీద గుచ్చుతుంది. రెండు చేతులూ రెండు మీటల మీద ఉంటేనే కదులుతుందట, ఆ ఏర్పాటు చేసినవాడికి దణ్ణం పెట్టాలి. కానీ బుజ్జీ, తిన్నని పోగున్న కర్రని అది చీలుస్తుంది, నేనూ చీలుస్తాను, ఒక్క దెబ్బలో. నేను చీల్చలేనిది చింత పంగ. అందులో పోగులు జడ అల్లినట్టు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి ఉంటాయి. ఐదు టన్నుల దానికి దాన్ని పెడితే మొన సగం దిగి ఇరుక్కుపోతుంది, పంపు మూలుగుతుంది, అప్పుడు మళ్ళీ సుత్తి పట్టుకుని కొట్టాల్సింది నేనే. చేతనైన పనికి మిషనూ, చేతకానిదానికి మళ్ళీ నేనూ అయితే ఏం లాభం? పైగా మనకి ఏడాదికి కావలసింది అర ట్రాలీ కర్ర.

నా పద్ధతి చెబుతా విను, నీ బెంగ కాస్త తగ్గుతుంది. పాత గొడ్డలి పలచనిది, అది నరకడానికే తప్ప చీల్చడానికి కాదు. చీల్చేదానికి తల లావుగా, బరువుగా ఉండాలి. గోపాలపట్నంలో కమ్మరి చేత రెండున్నర కిలోల తల కొట్టించాను. దుంగలు మూర పొడవుకి ముందే కోయించేశాను, పొట్టిదైతే సగం పని అయిపోయినట్టే. పాత ఆటో టైరు ఒకటి మొద్దు మీద పడుకోబెట్టి, దుంగని అందులో నిలబెడతాను. చీలినా ముక్కలు టైరులోనే ఉంటాయి, వంగి వంగి ఏరే పని లేదు. నడుం బతికిపోయింది. కొట్టేముందు దుంగ ముఖం చూస్తాను. ఎండకి పగుళ్ళు ఎటు పోయాయో అటే దెబ్బ. ముడి ఉన్నచోట వెయ్యను. లావు దుంగని నడిమధ్యన కొట్టను, అంచుల నుంచి చెక్కలు చెక్కలుగా ఒలుచుకొస్తాను, పనసకాయలా.

దానికీ లొంగకపోతే వెడ్జి, అంటే దుంగలోకి దింపే ఇనప చీల. సమ్మెటతో రెండు వెడ్జీలు ఒకదాని వెనక ఒకటి దింపితే లోపల పోగు తెగుతున్న చప్పుడు వినిపిస్తుంది, చిటచిటమని. అప్పుడు ఆగాలి. ఓ నిమిషం ఊరుకుంటే దానంతటదే ఇంకో అంగుళం విడుతుంది. ఆ నిమిషంలోనే నేను టీ తాగేది. వెడ్జి తల కొట్టి కొట్టి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ అంచులు విరిగి కంట్లో పడే ప్రమాదం ఉంది. నెలకోసారి ఆకురాయి పెట్టి అరగదీస్తున్నాను. ఈ ఒక్కటీ ఫిట్టరు బుద్ధి, పోలేదు.

రోజుకి అరగంట, ఎండ రాకముందు. భుజం నొప్పి అంటే ఆ రోజు లేదు. ఏదో ఒక సంవత్సరం భుజం పూర్తిగా వద్దంటుంది, అప్పుడు నీ మిషను నేనే అడుగుతాను, సిగ్గుపడను. ప్రస్తుతానికి ఆ డబ్బులో పదో వంతు పెట్టి వేళ్ళ దగ్గర ఇనప టోపీ ఉన్న బూట్లు, ఎనిమిదో నంబరు, కళ్ళకి పక్కలు మూసి ఉండే అద్దాలూ పంపు. అమ్మకి చూపించి వేసుకుంటాను.

ఇక ఆ చింత పంగ. నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టాను. వెడ్జి ఒకటి దాంట్లో ఉండిపోయింది కూడా, ఉలితో చుట్టూ తవ్వి తీశాను. ఇక నా వల్ల కాదని గోడకి చేరేస్తే, మొన్న మాంసం కొట్టు ఆయన స్కూటరు ఆపి లోపలికొచ్చాడు. దాన్ని వేళ్ళతో తట్టి చూశాడు, చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మాంసం కొట్టే మొద్దుకి చింతని మించింది లేదట, ఇంత పంగ ఈ రోజుల్లో దొరకడం లేదట. రెండు కిలోల మాంసం ఇస్తానన్నాడు. మార్గశిరంలో ఆ మాట గడప లోపల ఎత్తొద్దని మీ అమ్మ వంటింట్లోంచి కేకేసింది. సంక్రాంతికి మా అమ్మాయి వస్తుంది, కనుమ నాడు ఇవ్వమని చెప్పి మొద్దు ఇచ్చేశాను. టిక్కెట్టు చేయించావా?

మీ నాన్న