ఈ ఏడాది మనల్ని తిప్పలు పెట్టిన పాదరసం

సభ్యులందరికీ నమస్కారం. లిఫ్ట్ మరమ్మతు, బోరు మోటారు, పెయింటింగ్ లెక్కలన్నీ నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. ఈసారి కమిటీ టైమంతా తినేసింది పాదరసం.

సంక్రాంతికి అటక సర్దుతుంటే మూడో అంతస్తులో ఒకరింట్లో పాదరసం ఉన్న పాత బీపీ మిషన్ కిందపడి పగిలింది. మేం వెళ్లేసరికి టైల్స్ మీద పాదరసం బొట్లు వెండి పూసల్లా దొర్లుతున్నాయి, పిల్లలేమో వేళ్లతో తోస్తూ ఆడుకుంటున్నారు! చీపురు అందుకున్న పనావిడను గుమ్మంలోనే ఆపాం, ఊడిస్తే ఒక బొట్టు వంద బొట్లై విషపు ఆవిరి ఇంకా ఎక్కువవుతుంది. పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, ఉంగరాలూ గాజులూ తీయించి (బంగారాన్ని ఇట్టే పట్టేస్తుంది), పాత శుభలేఖ అట్టతో బొట్లను దగ్గరికి చేర్చి, కంటి చుక్కల డ్రాపర్‌తో సీసాలోకి ఎక్కించేసరికి గంటన్నర పట్టింది. సీసాలో ఉన్నది అడుగున కాస్తే, బరువు మాత్రం చేతికి తెలుస్తోంది. నీటికంటే పదమూడున్నర రెట్లు మరి.

ఆ దెబ్బతో ఇంటింటికీ తిరిగి పాత థర్మామీటర్లు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు సేకరించాం. సీఎఫ్ఎల్‌లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, అసలు టెన్షన్ బీపీ మిషన్లతోనే.

ఆయుర్వేదంలో కజ్జలి (పాదరసం, గంధకం కలిపి నూరే నల్లటి పొడి) చేసినట్టు గంధకం కలిపి మనమే నూరేద్దామని ఒక పెద్దాయన అన్నారు. ఆలోచన తప్పేమీ కాదు. గంధకంతో కలిస్తే అది మెర్క్యురీ సల్ఫైడ్ అవుతుంది, ఎర్రటి ఇంగిలీకం కూడా అదే పదార్థం. ఆవిరి కాదు, నీళ్లలో దాదాపు కరగదు. పాదరసం వ్యర్థాల్ని శుద్ధిచేసే ప్లాంట్లలోనూ చేసేది అదే, కాకపోతే మూసిన యంత్రాల్లో పూర్తిగా కలిసేదాకా తిప్పుతారు, కొన్నిచోట్ల గంధకపు పాలిమర్‌తో గట్టి దిమ్మెలుగా కూడా పోస్తారు. మన కల్వంలో సగం కలిసి సగం మిగిలితే ఆ ఆవిరి పీల్చేది నూరేవాళ్లే. అందుకే వద్దన్నాం, ఆయన కాస్త నొచ్చుకున్నారు.

ఇక దీన్ని తీసుకునేదెవరు? పగిలిన థర్మామీటర్లు, సీఎఫ్ఎల్‌లు విడిగా తీసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. కానీ చెత్త ఆటో అతను వద్దన్నాడు, ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగితే ఐదోసారి రమ్మన్నారు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఎవరైనా తీసుకెళ్లేదాకా సీసా మూత బిగించి, ఇంకో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఎండ తగలకుండా మెట్ల కింది గదిలో తాళం వేసి ఉంచాం. తాళంచెవి సెక్రటరీ దగ్గరుంది. ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే ఆదివారం పొద్దున తెచ్చివ్వండి, రిజిస్టర్‌లో ఫ్లాట్ నంబర్ రాయండి. ట్యూబ్‌లైట్లు మాత్రం దయచేసి విరగ్గొట్టి తేవద్దు.