ఫీజు కట్టాలంటే ఫోన్‌లో రక్షణ తీసేయాలా?

సంపాదకుడు గారికి,

ఆన్‌లైన్‌లో ఫీజులు, బిల్లులు కట్టేవాళ్లకు ఒక తప్పుడు సలహా అందుతోంది. మా మేనకోడలు ఐఫోన్‌లో కాలేజీ ఫీజు కట్టబోతే పేమెంట్ దాకా వెళ్లి మళ్లీ లాగిన్ పేజీకే వచ్చేసింది. గడువు ఆ సాయంత్రమే, ఒకటే టెన్షన్. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, సఫారీ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ‘ప్రివెంట్ క్రాస్-సైట్ ట్రాకింగ్’ అనే, కంపెనీలు మనల్ని సైటు నుంచి సైటుకు వెంబడించకుండా ఆపే రక్షణను ఆఫ్ చేయమన్నారు. చేసింది, డబ్బు కట్టింది. మళ్లీ ఆన్ చేసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఆ ఒక్క సైటుకు సంబంధించిన స్విచ్ కాదు. ఆఫ్ చేస్తే సఫారీలో తెరిచే అన్ని సైట్లకూ ఆ రక్షణ పోతుంది.

నేను మధురవాడలో ఉంటూ వెబ్ అప్లికేషన్లు తయారుచేస్తాను. ఇలాంటి చోట్ల సాధారణంగా జరిగేది ఇదీ: పేమెంట్ పేజీని వేరే డొమైన్ (వెబ్ చిరునామా) నుంచి తెచ్చి తమ పేజీలోనే ఒక ఫ్రేములో, అంటే పేజీలో పేజీలా, పెడతారు. ఆ ఫ్రేములోని కుకీని, అంటే మనల్ని గుర్తుపెట్టుకోవడానికి సైటు మన బ్రౌజర్లో దాచే చిన్న సమాచారాన్ని, బ్రౌజర్ బయటివాళ్ల కుకీగా చూస్తుంది. మనం ఆస్పత్రి సైటు చూశామా, అప్పుల సైటు చూశామా అని ప్రకటనల కంపెనీలు వెంటపడి కనిపెట్టేది ఎక్కువగా ఇలాంటి కుకీలతోనే. అందుకే సఫారీ 2020లో వాటిని పూర్తిగా ఆపేసింది. దాంతో ఫ్రేములోని పేమెంట్ పేజీకి మన లాగిన్ గుర్తుండక, మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటులో పెట్టిన కుకీ ఆ సైటు వరకే పనికొచ్చేలా మార్చింది. క్రోమ్ కూడా తీసేస్తామని 2020లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024లో వెనక్కి తగ్గింది. క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేసిన సైటులో ఈ లోపం బయటపడకపోవడానికి కారణం అదే.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. ఫ్రేము తీసేసి, జనాన్ని నేరుగా పేమెంట్ పేజీకి పంపి, పని అయ్యాక వెనక్కి తెస్తే చాలావరకు సరిపోతుంది. ఫ్రేము తప్పదనుకుంటే, ఆ ఒక్క సైటు వరకే వాడేవాళ్ల అనుమతి అడిగే ఏర్పాటు బ్రౌజర్లలోనే ఉంది. ఈ రక్షణలు అన్నిరకాల నిఘానూ ఆపలేవు, నిజమే. ఉన్నది కూడా తీసేయమనడం అన్యాయం.

వ్యక్తిగత డేటాకు ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. గడువు ముందు భయపడి రక్షణ ఆఫ్ చేయడం ఎలాంటి సమ్మతి?

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), యూనివర్సిటీలు, కాలేజీలు ఇకపై ఇచ్చే సాఫ్ట్‌వేర్ టెండర్లలో ఒక షరతు పెట్టాలి: సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లలో ట్రాకింగ్ రక్షణ ఆన్‌లో ఉండగానే లాగిన్ నుంచి రసీదు దాకా అన్నీ పనిచేసి చూపిస్తేనే బిల్లు చెల్లించాలి.

– ఒక వెబ్ డెవలపర్, మధురవాడ, విశాఖపట్నం