ఊళ్లో పెత్తనం మారితే బడి వంటగది మారాలా? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా ఆదోని నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాయునది.

ప్రభుత్వం మారితే పథకాల పేర్లు మారడం మాకు అలవాటే. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది; పేరేదైనా పిల్లవాడి కడుపు నిండితే చాలు. నా బాధ అంతకంటే కింద, ఊరి స్థాయిలో జరిగే మార్పు గురించి. ఎన్నికల ఫలితాలు వెలువడగానే బడిలో మధ్యాహ్న భోజనం వండిపెట్టే వంట ఏజెన్సీ మహిళలనూ ఆయాలనూ అవతలి వర్గం వారని తప్పించి, గెలిచిన వర్గం వారిని పెట్టడం 2019లోనూ చూశాం, 2024లోనూ చూశాం.

మా డివిజన్‌లో ఒక ఊరి బడిలో ఇలాగే జరిగింది. బియ్యం, గుడ్లు ప్రభుత్వం ఇచ్చినా పప్పు, నూనె, కూరగాయలు ఏజెన్సీ వారే ముందుగా కొనాలి. బిల్లులు నెలల తరబడి ఆలస్యమైనా పాత వంటామె నడపగలిగింది, ఎందుకంటే కిరాణా కొట్టులో ఆమెకు ఖాతా ఉండేది. కొత్తగా వచ్చినామెకు ఆ అప్పు పుట్టలేదు, సాంబారు నీళ్లయింది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం కోసం ఇద్దరు పేద ఆడవాళ్లను ఊరి రాజకీయం శత్రువులను చేసింది. తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకోతలకు, సుగ్గికి (కూలి పనుల వలసకు) పోతే అవ్వల దగ్గర మిగిలే పిల్లలను బడికి రప్పించేది ఆ భోజనమే. 2011 జనగణనలో అక్షరాస్యత సుమారు 60 శాతమే ఉన్న జిల్లా మాది.

బ్రెజిల్ పురపాలక ఎన్నికలపై 2022లో వెలువడిన ఒక పరిశోధన, ఒక పార్టీ మేయర్ పోయి మరో పార్టీ మేయర్ వచ్చిన చోట పురపాలక బడుల్లో ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు ఎక్కువగా మారారనీ, పిల్లల మార్కులు తగ్గాయనీ తేల్చింది. మన దగ్గర ఉపాధ్యాయుల బదిలీలకు 2025లో చట్టమే తెచ్చారు, సంతోషం. కానీ వంటామెకూ ఆయాకూ ఆపాటి రక్షణ ఏదీ?

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ కమిటీ లిఖితపూర్వక తీర్మానం, ఎంఈఓ (మండల విద్యాధికారి) విచారణ లేకుండా విద్యా సంవత్సరం మధ్యలో ఎవరినీ తొలగించరాదని ఉత్తర్వు ఇవ్వండి. తొలగింపు కాగితంపై సంతకం మాత్రం ప్రధానోపాధ్యాయుడికి వదలకండి. ఊరి పెద్దల ఒత్తిడిని ఒంటరిగా తట్టుకోవడం ఆయన వల్ల కాదు, ఆ బాధ్యత ఎంఈఓదే కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదోని