ఆ వేలం జాబితా గురించి

విజయనగరం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన పాత నాణేల వేలం జాబితా రాత్రి కూర్చుని మొత్తం చదివాను. సీతారాముల కొలువు బొమ్మ ఉన్న రామదర్బార్ నాణెం చుట్టూ రెండుసార్లు గీత గీశావు. అది నకిలీ, వదిలెయ్‌రా. "ఈస్టిండియా కంపెనీ, 1818, ఒక అణా" అని ఉంది కదా, గుట్టు అక్కడే ఉంది. కంపెనీ రాగిలో పావణా, అర్ధణా కొట్టింది గానీ అణా కొట్టలేదు. పైగా కంపెనీ పాలన అంతటికీ ఒకే రకం నాణేలు వచ్చింది 1835లో. ఇలాంటి బిళ్లలు బియ్యాన్ని లాగుతాయని, రైస్ పుల్లింగ్ అని చెప్పి లక్షలు గుంజే ముఠాలున్నాయి. దేవుడి బొమ్మ చూపించి మోసం చేస్తారు చూడు, అదే నాకు ఒళ్లు మండిస్తుంది.

ఆరో జార్జి రాజు బొమ్మ ఉన్న 1939 వెండి రూపాయి మీద ఆశపడటంలో తప్పులేదు. అసలుది అరుదు, అందుకే అంత ధర. అందుకే 1938 రూపాయి తీసుకుని చివరి అంకె దిద్దేవాళ్లూ ఉన్నారు. భూతద్దం పెట్టి ఆ తొమ్మిదినే చూడు. మిగతా అంకెలంత ఎత్తుగా, వాటంతే అరిగి ఉండాలి. చుట్టూ గీకిన జాడ ఉండకూడదు. తూకం సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. వాడకంలో కాస్త తగ్గొచ్చు. కానీ అంకె దిద్దిన నాణెం కూడా అసలు వెండిదే కాబట్టి తూకంలో నెగ్గుతుంది, జాగ్రత్త. తూకం పట్టించేది పోత పోసిన నకిలీలని. వాటిలో అక్షరాలు మెత్తబడి ఉంటాయి, సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి, అంచున అతుకు గీత కూడా ఉండొచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే మరి చూడక్కర్లేదు.

ఇక "సంస్థానం వారి సేకరణ నుంచి" అన్న మాట. మన విజయనగరం, బొబ్బిలి పేర్లు చెబితే చాలు, ధర పెరుగుతుంది. కాగితం చూపించమను. అందులో ఈ నాణెం తూకం, ఫొటో ఉంటేనే లెక్క. ఊరికే ఎవరో సంతకం పెట్టిన ఉత్తరం ఏ నాణేనికైనా అతుకుతుంది. నకిలీ అని తేలితే ఎన్నాళ్లలోపు వెనక్కి తీసుకుంటారో రాతపూర్వకంగా అడుగు. పాడిన ధర మీద కమీషన్, పన్ను ఎంతో కూడా ముందే తెలుసుకో.

వేలానికి ముందు సరుకు చూడనిచ్చే రోజు ఎప్పుడో కనుక్కుని ఫోన్ చెయ్. శ్రీకాకుళం నుంచి నువ్వు బయల్దేరితే, కాటా, భూతద్దం తీసుకుని నేనూ వస్తాను.

నీ
రాముడు