సాఫ్ట్‌బాల్ బ్యాట్ కొనేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. సాఫ్ట్‌బాల్ ఆటలో కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు బ్యాట్ గురించి అడుగుతున్నారు. బెంగళూరు షాపుల్లో సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ బ్యాట్ తీసిచ్చినా ఆశ్చర్యం లేదు. ఫాస్ట్‌పిచ్ (బంతిని చేయి కిందినుంచి వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్) బ్యాట్ బ్యారెల్ (బంతి తగిలే లావుపాటి భాగం) వ్యాసం 2¼ అంగుళాలు దాటదు. ముందు అది చూడండి.

బ్యాట్ మీద పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో ఉంటాయి. ఆ రెంటి తేడాయే డ్రాప్. 28 అంగుళాలు, 17 ఔన్సులు (దాదాపు 480 గ్రాములు) అయితే మైనస్ 11. పదేళ్లలోపు పిల్లలకు మైనస్ 11 నుంచి 13 దాకా చూడండి.

పాపను వెంట తీసుకెళ్లండి. బ్యాట్‌ను ఒంటిచేత్తో పక్కకు చాపి 20 సెకన్లు పట్టుకోమనండి. ముందే చెయ్యి వాలిపోతే అది బరువే. "ఇంకో రెండేళ్లు వస్తుందిలే" అని పెద్దది కొనకండి. చెప్పుల్లాంటి లెక్క కాదిది. బరువైతే స్వింగ్ ఆలస్యమవుతుంది, బ్యారెల్ చేతుల కిందికి జారుతుంది, బంతి తగిలినా గాల్లోకి లేస్తుంది.

మొదటి బ్యాట్‌కు అల్యూమినియం మిశ్రమం చాలు. కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి పోగులతో చేసిన బ్యాట్) ఖరీదు ఎక్కువ, పైగా అది మెత్తబడడానికి ప్రతి దెబ్బకీ బ్యాట్‌ను చేతిలో కాస్త తిప్పుకుంటూ బంతిని వందకు పైగా సార్లు కొట్టాలి. వానకు నానిన బంతులతో మాత్రం వద్దు, అవి బరువెక్కి బ్యారెల్‌ను సొట్టపెడతాయి.

గ్రిప్ అరిగితే టేపు మారిస్తే సరిపోతుంది, కొత్త బ్యాట్ అక్కర్లేదు.