రంగు ఆరేలోపు

లండన్,
2025 నవంబరు 9, ఆదివారం.

నాన్నగారికి,

నమస్కారాలు. అమ్మకు కూడా చెప్పండి. ఈ కార్తీకంలోనూ అమ్మ తెల్లవారుజామునే దుర్గా ఘాట్‌కు స్నానానికి వెళ్తోందా, మోకాళ్ళ నొప్పితో ఇంట్లోనే కానిస్తోందా? మొన్న పౌర్ణమికి మేము బాల్కనీలో దీపం పెట్టాం. గాలికి రెండుసార్లు కొండెక్కింది. మూడోసారి వెలిగించాక పాప ఒక అట్టముక్క అడ్డం పట్టుకుని అర్ధగంట కదలకుండా నిలబడింది. చేతులు నొప్పెట్టలేదా అంటే, "తాతయ్య ఊళ్ళో నదిలో వదిలే దీపాలకు ఎవరు అడ్డం పెడతారు?" అని అడిగింది.

ఫోనులో చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది, అందుకే ఈ ఉత్తరం. ప్రతి ఆదివారం మీరు "బొమ్మలు వేస్తున్నావా అమ్మా?" అని అడుగుతారు. "వేస్తున్నాను నాన్నా" అంటాను. కిందటి సంవత్సరం సెప్టెంబరు నుంచి ఈ ఏప్రిల్ దాకా నేను చెప్పింది అబద్ధం. ఎనిమిది నెలలు ఒక్క గీత గీయలేదు. ఉలుల పెట్టె మంచం కిందికి తోసేశాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ మీద పడినప్పుడు మీరూ అమ్మా పక్కవాళ్ళ డాబా ఎక్కారు. రెండు రోజులు మీ ఫోను మోగలేదు. మన వీధిని ముంచింది కృష్ణ కాదని, బుడమేరని నాకు తెలుసు. అయినా రాత్రంతా ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటి లెక్క చూస్తూ కూర్చున్నాను. అది 11 లక్షల క్యూసెక్కులు దాటింది. చూడడానికి నా దగ్గర ఇంకే లెక్కా లేదు. మూడో రోజు మీ గొంతు వినిపించింది. "మేం బాగానే ఉన్నాం. పుస్తకాలు పోయాయి" అన్నారు, అంతే. ఏ పుస్తకాలో నేను అడగలేదు. బీరువా కింది అరలో ముప్పై ఏళ్ళుగా మీరు గీసుకున్న పెన్సిలు బొమ్మల పుస్తకాలు. అమ్మ వారం రోజులు డాబా మీద ఆరబెట్టిందట, పుట ఒక్కటీ విడిరాలేదట. తరువాతి ఆదివారం "కుంచెలు కూడా ఎవరికో ఇచ్చేశాను, ఇంక ఎందుకు" అన్నారు. ఆ రోజు రాత్రే నా పెట్టె మంచం కిందికి పోయింది.

అడిగినవాళ్ళకు తీరిక లేదని చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. తీరిక లేదన్నది నిజమే. ఆరింటికి లేవడం, పాపకు డబ్బా కట్టడం, బడిలో దింపడం, తొమ్మిదిన్నరకు షాపు. మీకు తెలుసు కదా, వారంలో నాలుగు రోజులు పటాలు కట్టే దుకాణంలో పని. అట్ట కోయాలి, అద్దం కోయాలి, చెక్క మూలలు అతకాలి. ఇంటికి వచ్చేసరికి చీకటి. ఈ నెలలో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. వంట, పాప చదువు, బట్టలు. వారం పది రోజులు ఎవరూ పిలవని ఖాళీ దొరికితే, అప్పుడు మళ్ళీ మొదలుపెడదాం అనుకున్నాను. అలాంటి ఖాళీ రాలేదు. వచ్చి ఉంటే భయపడి ఇల్లు సర్దుకునేదాన్నేమో.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం షాపులో పెద్ద ఫ్రేము ఒకటి అతికించి, నాలుగు మూలలకూ బిగింపులు వేసి, జిగురు పట్టేదాకా నిలబడ్డాను. చుట్టూ కోసి పడేసిన అట్టముక్కలు. చేతిలో కొలతలు గుర్తు పెట్టే పెన్సిలు. ఉన్నట్టుండి ఏలూరు రోడ్డు వెనక సందులో మీరు కొట్లకు బోర్డులు రాసిన రేకుల షెడ్డు గుర్తుకు వచ్చింది నాన్నా. నేను అన్నం డబ్బా తెచ్చేసరికి మీరు బోర్డుకు మొదటి పూత వేసి, గోడకు ఆనించి, బల్ల మీద కూర్చుని ఉండేవారు. మోకాలి మీద పుస్తకం. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడినవాళ్ళు, రిక్షాలో నిద్రపోయే మనిషి, సైకిలు చక్రానికి గాలి కొట్టే కుర్రాడు, అందరూ ఆ పుస్తకంలోకి వచ్చేసేవారు. నేను అది మీ విశ్రాంతి అనుకునేదాన్ని. ఒకసారి "పని లేదా నాన్నా?" అని అడిగాను. "ఎనామిల్ ఆరాలి కదమ్మా, రంగు ఆరేలోపు ఏం చేస్తాం మరి?" అన్నారు. చదరపు అడుగుకు ఇంత అని కూలి కట్టే పని మధ్యలో, ఆ ఆరే గంటల్లో, మీరు ముప్పై ఏళ్ళ బొమ్మలు గీశారు. దాని కోసం ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు.

అట్టముక్క మీద ఆ బిగింపునే గీశాను. పావుగంట పట్టింది. బాగా రాలేదు. కానీ ఆ రాత్రి పెట్టె బయటికి తీశాను.

అప్పటి నుంచి పనిని ముక్కలుగా విడదీసుకున్నాను. ఎంత సేపు దొరికితే ఆ సేపటికి సరిపోయే ముక్క. గీయడం షాపులో, జిగురు పట్టేలోపు. దాన్ని, అచ్చు కోసం చెక్కే మెత్తని లినో పలక మీదికి ఎక్కించడం పాప నిద్రపోయాక. చెక్కడం అన్నం ఉడికేలోపు. చలికి లినో బిగుసుకుపోతుంది. ఇంటి హీటరు మీద కాసేపు పెడితే మెత్తబడి, ఉలి కింద వెన్నలా కదులుతుంది. ఇరవై నిమిషాల్లో అరచేయంత జాగా చెక్కవచ్చు, అంతకుమించి చెక్కితే చెయ్యి జారుతుంది. జూన్‌లో ఒకసారి జారింది కూడా, ఎడమ చూపుడు వేలు తెగింది. పలక పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలన్న సంగతి తెలిసి కూడా ఏమరుపాటు. అచ్చు వేయడానికి మాత్రం ఒక పూట పూర్తిగా కావాలి. సిరా పరిచాక మధ్యలో లేవడం కుదరదు. నెలకు రెండు శనివారాలు మీ అల్లుడు పాపను ఈతకు తీసుకువెళ్తారు, ఆ పూటలు అచ్చుకు. యంత్రం లేదు. పలక మీద కాగితం పరిచి, చెక్క గరిట వెనక వైపుతో రుద్దుతాను. అచ్చులు నడవాలో బట్టల తీగకు వేలాడతాయి. నూనె సిరా ఆరడానికి మూడు నాలుగు రోజులు. వాటి కింద నుంచి వంగి వంటగదిలోకి వెళ్తుంటాం.

ఇవన్నీ అనుకుంటుంటే మీరు నన్ను కలంకారీ అద్దకం చూపించడానికి పెడన తీసుకువెళ్ళిన రోజు గుర్తుకు వస్తోంది. కరక్కాయ నీళ్ళలో, గేదె పాలలో ముంచిన బట్ట ఎండలో ఆరుతోంది. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానేసిన కుండ దగ్గరికి వెళ్ళి ముక్కు మూసుకున్నాను. ఆ పులిసిన నీళ్ళే నలుపు అవుతాయంటే నమ్మలేదు. ఒకాయన టేకు దిమ్మె మీద మామిడిపిందె చెక్కుతున్నాడు. నలుపు అద్ది, ఆరనిచ్చి, ఎరుపు కోసం పటిక అద్ది, మళ్ళీ ఆరనిచ్చి, కాలవలో జాడించి, ఉడకబెట్టి, మళ్ళీ ఆరవేసి. పనిలో సగం ఆగడమే. ఆ ఆగడంలో వాళ్ళు వంట చేసుకున్నారు, పిల్లలకు జడలు వేశారు, మనకు మజ్జిగ ఇచ్చారు. అప్పుడు అది నాకు చాలా మామూలుగా కనిపించింది.

అన్నీ సర్దుకున్నాయని రాస్తే అది మరో అబద్ధం అవుతుంది. వంటగది బల్ల గురించి మీ అల్లుడికీ నాకూ మాటా మాటా వచ్చింది. భోజనం పళ్ళెం పక్కన ఉలి కనిపిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఇప్పుడు వారంలో నాలుగు రాత్రులు ఎనిమిదిన్నర నుంచి పది దాకా బల్ల నాది, పది కాగానే తుడిచి ఇచ్చేయాలి. ఆగస్టులో ఒకరు పుస్తకానికి అట్టబొమ్మ అడిగారు, మంచి డబ్బు. పది రోజుల్లో కావాలన్నారు. నా పని ఆ వేగంతో నడవదు కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను, ఇప్పటికీ కొంచెం ఉంది. అచ్చులు అక్టోబరులో ఒక చిన్న సంతలో పదకొండు అమ్ముడుపోయాయి. కాగితం, సిరా ఖర్చులు వచ్చాయి. అద్దె మాత్రం షాపు జీతంతోనే.

శుక్రవారం సాయంత్రాలు నావి. ఇక్కడ బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, టికెట్టు లేదు. షాపు నుంచి నేరుగా వెళ్తాను. అక్కడ అద్దాల గదిలో మన అమరావతి స్తూపం రాళ్ళు ఉన్నాయి నాన్నా. మొదటిసారి చూసినప్పుడు కాళ్ళు కదలలేదు. చిన్నప్పుడు అమరావతిలో మీతో కలిసి చూసిన ఖాళీ దిబ్బ మీద ఉండవలసిన రాళ్ళు. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చేటప్పటికే ఊరి జమీందారు కట్టడాల కోసం రాళ్ళు తీసుకువెళ్తున్నారు. 1845లో కంపెనీ అధికారి ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి ఇక్కడికి వచ్చాయి. చాలా రాళ్ళు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డు రాళ్ళను ఇంత దూరంలో, అద్దం వెనక చూడడం నాకు కష్టంగానే ఉంటుంది. అవి ఇంటికి దగ్గరగా ఉండవలసినవి. అయినా వారానికోసారి వాటి ముందు కూర్చుంటాను, ఈ ఊళ్ళో నా ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు?

అక్కడ ఒక పలకకు రెండు ముఖాలు. ఒక వైపు బోధి చెట్టు, దాని కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కేవాళ్ళు. మూడు వందల ఏళ్ళు గడిచాక ఎవరో ఆ రాతినే తిప్పి, వెనక వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. పలకను చుట్టి వచ్చి రెండూ చూడవచ్చు. చూసిన వెంటనే నాకు మీ రేకులు గుర్తుకు వచ్చాయి. మూతపడ్డ కొట్ల బోర్డులు తెచ్చి, తెల్లరంగు పూసి, వాటి మీదే కొత్త కొట్ల పేర్లు రాసేవారు. మన స్నానాల గది పైకప్పు కూడా అలాంటి రేకే కదా. సాయంత్రం ఏటవాలు ఎండలో కింది పొర అక్షరాలు పైకి ఉబికి కనిపించేవి. నేను స్నానం మానేసి చదువుకునేదాన్ని. అమ్మ తలుపు కొట్టేది. ఆ రాయి చెక్కినవాళ్ళకు కూడా కూలి ఉండి ఉంటుంది, ఇంట్లో పిల్లలు ఉండి ఉంటారు. రాత్రి ఇంటికి వెళ్ళి ఉలి పదును పెట్టుకుని ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. పన్నెండు అచ్చుల వరుస ఒకటి మొదలుపెట్టాను. మీ షెడ్డు ఉన్న సందులోని కొట్లు. టీ కొట్టు, సైకిలు షాపు, పిండి మర, ఇస్త్రీ బండి, పటాల దుకాణం, ఇలా. ఐదు పలకలు చెక్కడం అయింది. మీ పుస్తకాలు పోయినా అందులోని మనుషులు నాకు చాలామంది గుర్తున్నారు. రిక్షాలో నిద్రపోయే మనిషి కాలి వేళ్ళు కూడా గుర్తున్నాయి. బొమ్మ వస్తోంది. బోర్డు మీద అక్షరాలు రావడం లేదు.

కంప్యూటర్ అక్షరాలు పెట్టి చూశాను. ప్రాణం లేదు. నేనే రాశాను, తలకట్టు నిలబడలేదు, ఒత్తులు జారిపోయాయి. "తలకట్టును టోపీలా పెట్టకూడదమ్మా, అది అక్షరానికి కనుబొమ్మ" అనేవారు మీరు. అచ్చులో ఇంకో కష్టం ఉంది, పలక మీద అన్నీ తిరగేసి చెక్కాలి. అద్దంలో కూడా మారకుండా ఉండేది సున్న ఒక్కటే. అసలు అక్షరం గట్టిగా ఉంటేనే తిరగేసినా నిలబడుతుంది. ఆ సందులో బోర్డులన్నీ మీరు రాసినవి. వాటి మీద ఇంకొకరి అక్షరం ఎలా చెక్కను? మీ అక్షరాలు కావాలి నాన్నా.

కుంచెలు ఇచ్చేశానని అనవద్దు. తమ్ముడు వచ్చే ఆదివారం గుంటూరు నుంచి వస్తాడు కదా, బీసెంట్ రోడ్డులో రెండు చదును కుంచెలు కొని తెమ్మన్నాను. ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది. నల్ల ఎనామిల్ చిన్న డబ్బా, టర్పెంటైన్ కూడా తెస్తాడు. చెయ్యి వణుకుతోందని మీరు అమ్మతో అన్నట్టు తెలిసింది. వణికిన గీత అలాగే ఉండనివ్వండి, నేను అలాగే చెక్కుతాను.

సామాన్లు చుట్టే గోధుమరంగు కాగితం మీద రాయండి. అక్షరం ఆరు అంగుళాల ఎత్తు, ఒక్క పూత, నీడలు వద్దు. పేర్లు వేరే కాగితం మీద రాసి తమ్ముడికి పంపాను. మొదట "పిండి మర" రాయండి, ఆ పలక సిద్ధంగా ఉంది. చివర ఒక పెద్ద "అ" కూడా కావాలి, అది పాప అడిగింది. గోడకు అంటించుకుని దిద్దుకుంటుందట.

డిసెంబరు నెలాఖరుకు మీ అల్లుడి స్నేహితుడు ఒకాయన విజయవాడ వచ్చి తిరిగి ఇక్కడికి వస్తున్నారు. ఆయన చేతికి ఇస్తే చాలు. మడత పెట్టవద్దు. గొట్టంలా చుట్టి, పైన పాత చీర గుడ్డ చుట్టమని అమ్మతో చెప్పండి. ఎనామిల్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది, అది మీరే నాకు చెప్పారు. పూర్తిగా ఆరాకే చుట్టండి.

ఇట్లు,
మీ అమ్మాయి